పాత కారు హీటెక్కుతోందా? పానా పట్టే ముందు ఇవి చూడండి

రోహిణి కార్తెలో నెల్లూరు నుంచి ఒంగోలు పోయే హైవే మీద బానెట్ ఎత్తి, చెట్టు నీడన నిలబెట్టిన పాత మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్ ఏదో ఒకటి కనబడకుండా ఉండదు. అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీయించాం, రేడియేటర్ కడిగించాం, ఫ్యాన్ డైరెక్ట్ చేయించాం, అయినా హీటే. ఎవరు ఏది చెబితే అది మార్చుకుంటూ పోవడం వల్ల వచ్చిన తిప్పలివి. బండి ఏ సమయంలో హీటెక్కుతోందో కనుక్కుంటే ఏ సామాను చూడాలో సగం తెలిసిపోతుంది. అది తేలేదాకా దేన్నీ విప్పొద్దు, దేన్నీ కొనొద్దు.

దారిలో ముల్లు పైకి పోతే

డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపే ముల్లు సగం దాటి పైకి పాకుతుంటే ముందు ఏసీ ఆపండి. బండికి హీటర్ ఉంటే వేడి వైపు పూర్తిగా తిప్పి బ్లోయర్ పెద్దది పెట్టండి. మే నెలలో అది నరకమే గానీ, హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. ముల్లు ఎర్రగీత తాకినా, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చినా ఇక లెక్కలేమీ వద్దు, పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. "ఇంకెంత, కావలి వచ్చేసింది" అనుకుంటూ లాగించిన బళ్లే హెడ్డు, అంటే ఇంజిన్ పైభాగం, వంగి షెడ్డుకొస్తాయి.

వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని అందరికీ తెలుసు. అయినా ప్రతి ఎండాకాలం చేతులు, మొహం కాల్చుకునేవాళ్లు ఉంటారు. లోపల నీళ్లు ప్రెషర్ మీద ఉంటాయి కాబట్టి 110 డిగ్రీలున్నా మరగవు. మూత వదులవగానే ప్రెషర్ పోయి, ఒక్కసారిగా ఆవిరై పైకి చిమ్ముతాయి. కనీసం 40 నిమిషాలు ఆగండి. తర్వాత పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి. మెత్తగా నొక్కుకుపోతే మూత మీద మందపాటి గుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి, బుస్సుమనే చప్పుడు ఆగాక పూర్తిగా తీయండి.

చన్నీళ్లు గబగబా పోయడం రెండో తప్పు. కాలిపోతున్న అల్యూమినియం హెడ్డుకు ఒక్కసారిగా చల్లదనం తగిలితే వంగుతుంది, ఒక్కోసారి చీలుతుంది. ఇంజిన్ మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక, స్టార్ట్ చేసి ఐడిల్‌లో పెట్టి సన్నటి ధారగా పోయండి. దారిలో ఏ నీళ్లు దొరికితే అవే పోయాలి, తప్పదు. ఇంటికొచ్చాక మాత్రం వాటిని దింపేసి మంచివి నింపాలి.

ఇంకో సంగతి. కార్బురేటర్ బళ్లు ఎండకి గుక్కపట్టినట్టు కొట్టుకుని ఆగిపోతే దాన్ని కూడా ఇంజిన్ హీట్ అనే అంటారు. ముల్లు మామూలు చోటే ఉండి బండి ఆగిందంటే పెట్రోల్ పంపులోనో పైపులోనో పెట్రోల్ ఆవిరై అడ్డం పడి ఉండొచ్చు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే కదులుతుంది. ఆ జబ్బుకి రేడియేటర్ విప్పితే వచ్చేదేమీ లేదు.

ఏ సమయంలో హీటెక్కుతోంది?

నెల్లూరు వీఆర్‌సీ సెంటర్లోనో, ఒంగోలు అద్దంకి బస్టాండ్ దగ్గరో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ముల్లు పైకి పోయి, రోడ్డు ఖాళీ అయ్యి అరవైలో పోగానే కిందికి దిగుతోందా? అయితే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, రేడియేటర్‌కి గాలి చాలడం లేదు. ఫ్యాను, దాని వైరింగు, బయట దుమ్ము చూడాలి.

ఊళ్లో ఎంతసేపు తిరిగినా ఏమీ కాక, హైవే మీద ఎనభైలో పది కిలోమీటర్లు పోయాక ముల్లు లేస్తోందా? అప్పుడు గాలికి కొదవ లేదు. నీళ్లే చాలినంత తిరగడం లేదు. రేడియేటర్ లోపల సున్నం పట్టిందో, కింది హోస్ ముడుచుకుంటోందో, వాటర్ పంపు రెక్కలు అరిగాయో, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందో చూడాలి. ఫ్యాన్ మోటార్ మార్చడం ఇక్కడ డబ్బు దండగ.

పొద్దున్నే స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే ముల్లు పైకి పోతే థర్మోస్టాట్ మూసుకునే ఉండిపోయిందనో, నీళ్లలో గాలి ఇరుక్కుందనో, హెడ్డు కింద నీళ్లు, గ్యాసు కారకుండా వేసే హెడ్ గ్యాస్కెట్ పోయిందనో అనుమానించాలి. ముల్లు ఒక్కసారి లేచి, మళ్లీ దిగి, ఇలా ఊగుతుంటే ముందు నీళ్ల మట్టం చూడండి. తక్కువ నీళ్లు, గాలి బుడగలు సెన్సార్‌కి తగిలినప్పుడు అలాగే ఊగుతుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడో ఇండికేటర్ వేసినప్పుడో ముల్లు కదిలిందంటే అది ఎర్తింగు లోపం, ఇంజిన్‌కి ఏమీ కాలేదు.

ముల్లు మాట నమ్మాలో లేదో తేల్చడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ పనికిరాదు, అది నలభై చిల్లర దాటితే చూపదు. 200 డిగ్రీల పైదాకా చూపే వర్క్‌షాప్ రకం కావాలి. థర్మోస్టాట్ కప్పు మీద పెట్టి చూడండి. మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తుంది కాబట్టి అక్కడ నల్ల పెయింట్ చుక్క పెట్టి దాని మీద చూడాలి. అక్కడ 85 నుంచి 95 మధ్య ఉండి, ముల్లు మాత్రం ఎరుపులో ఉంటే సెన్సార్ మార్చండి, చాలు.

గాలి తక్కువైనప్పుడు

ముందు కళ్లతో చూసేది చూడండి. ఏసీ ఉన్న బండిలో ముందు కండెన్సర్, దాని వెనక రేడియేటర్ ఉంటాయి. బయటికి కనిపించే కండెన్సర్ శుభ్రంగా ఉంటుంది, రెండింటి మధ్య సందులో మాత్రం బొంతలాగా చెత్త పేరుకుని ఉంటుంది. కోతల కాలంలో కోవూరు, బుచ్చి వైపు రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి కదా, ఆ తాలు, దూగర, పురుగులు అన్నీ పోయి చేరేది అక్కడే. చీమకుర్తి వైపు తిరిగే బళ్లకి గ్రానైట్ పొడి పడుతుంది. అది తడిస్తే సిమెంటులా గట్టిపడుతుంది. పై బోల్టులు వదులు చేసి కండెన్సర్‌ను గ్యాస్ పైపుల మీద బరువు పడకుండా కొంచెం ముందుకి వంచితే సందు కనిపిస్తుంది.

కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, చెత్త వచ్చిన దారినే పోవాలి. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేడియేటర్ మీది సన్నటి రేకు రెక్కలు పడుకుండిపోతాయి, ఇక గాలే దూరదు. మామూలు పైపు, మెత్తటి బ్రష్, కాస్త షాంపూ నీళ్లు చాలు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉండే బళ్లకి ఉప్పుగాలి రెక్కల్ని తినేస్తుంది. వేలితో రాస్తే రెక్కలు బూడిదలా రాలుతుంటే ఆ రేడియేటర్‌కి కడగడం వల్ల లాభం లేదు, మార్చాల్సిందే.

తర్వాత ఫ్యాన్. ఇంజిన్ వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి చూడండి. మామూలు థర్మో స్విచ్ సుమారు 92–98 డిగ్రీల మధ్య ఫ్యాన్ వేస్తుంది. వేయకపోతే వరుసగా వెళ్లండి. ఫ్యూజు చూడండి. ఫ్యాన్ మోటార్ ప్లగ్గు ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇవ్వండి. తిరక్కపోతే మోటారే పోయింది. తిరిగితే ప్లగ్గు మళ్లీ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, థర్మో స్విచ్ దగ్గరి కనెక్టర్ ఊడదీసి దానిలోని రెండు వైర్లని చిన్న వైరు ముక్కతో కలపండి. ఒకటే వైరు ఉంటే దాన్ని బాడీకి తాకించండి. అప్పుడు ఫ్యాన్ తిరిగితే స్విచ్ చెడింది, తిరక్కపోతే రిలేనో వైరింగో. అదే నంబరున్న హారన్ రిలే తీసి దాని చోట పెట్టి చూస్తే రిలే సంగతి నిమిషంలో తేలుతుంది. ఈ పని చేసేటప్పుడు చొక్కా చేతులు, పైట, జడ ఫ్యాన్‌కి దూరం. ఇంజిన్ ఆపినా కొన్ని బళ్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

ఫ్యాన్ తిరుగుతున్నంత మాత్రాన సరిపోదు. గ్రిల్ ముందు న్యూస్‌పేపర్ ముక్క పెట్టండి, లోపలికి అంటుకుపోవాలి. ఎగిరి బయటికొస్తే మోటార్ మార్చినవాళ్లు వైర్లు తారుమారు చేశారన్నమాట. ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది. పేపర్ నీరసంగా ఊగుతుంటే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు విరిగిందని పారేసిన బళ్లు చాలా ఉన్నాయి. అది లేకపోతే ఫ్యాన్ పీల్చే గాలిలో చాలా భాగం రేడియేటర్‌లోంచి రాకుండా పక్కల నుంచే వస్తుంది.

ఫ్యాన్ డైరెక్ట్ చేయించడం, అంటే థర్మో స్విచ్‌తో పని లేకుండా లోపల ఒక స్విచ్ పెట్టి నడపడం, మన దగ్గర రివాజు. అత్యవసరానికి సరే. కానీ ఫ్యాన్ పది ఆంపియర్ల దాకా లాగుతుంది, లోపల పెట్టే చిన్న స్విచ్‌కి అంత తాకత్ ఉండదు, కరిగిపోతుంది. చేయిస్తే రిలే, ఫ్యూజు పెట్టించి చేయించండి. చాలాసార్లు పోయింది థర్మో స్విచ్ ఒక్కటే అయ్యుంటుంది, అది మార్చుకుంటే ఈ గొడవే ఉండదు.

అంబాసిడర్ లాంటి బెల్టు ఫ్యాన్ బళ్లలో బెల్టు వదులైతే ఫ్యాన్, పంపు రెండూ జారతాయి. రెండు పుల్లీల మధ్య పొడుగు భాగంలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మి.మీ. దిగాలి. ఎక్కువ బిగిస్తే పంపు బేరింగు పోతుంది.

నీళ్లు తిరగనప్పుడు

హైవే మీద హీటెక్కే బండికి అందరూ మర్చిపోయేది కింది హోస్. రేడియేటర్ కింది నుంచి పంపుకి పోయే ఆ పైపులో పంపు నీళ్లని పీలుస్తూ ఉంటుంది. రబ్బరు మెత్తబడితే, లేదా లోపలి స్ప్రింగు తుప్పుపట్టి రాలిపోతే, ఐడిల్‌లో గుండ్రంగానే ఉంటుంది. యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా తొక్కించి ఆ పైపునే చూస్తూ ఉండండి. పీల్చిన జ్యూస్ ప్యాకెట్టులా రెండు పక్కలా అతుక్కుపోతుంది. తొక్కడం ఆపగానే ఉబ్బి మామూలైపోతుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే అన్నీ బాగున్నట్టే ఉండి, రోడ్డెక్కితే హీటయ్యే బండి రహస్యం చాలాసార్లు ఇదే. కొత్త హోస్ కొనేటప్పుడు పాతదాన్ని పట్టుకెళ్లి వంపు, లావు పోల్చుకోండి. స్ప్రింగు ఉన్న చోట స్ప్రింగు ఉన్నదే తీసుకోండి. క్లిప్పు పైపు చివరి నుంచి ఒక సెంటీమీటరు లోపలికి బిగించాలి.

రేడియేటర్ లోపల పూడిందో లేదో ఇంజిన్ వేడి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తోనే తెలుసుకోవచ్చు. ముందు వైపు నుంచి పది పన్నెండు చోట్ల చూడండి. వేడి నీళ్లు లోపలికొచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకి వేడి వరసగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక పట్టీ మాత్రం చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు పూడిపోయాయి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకి పై ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో సన్నటి పట్టీలు దూర్చి శుభ్రం చేసే మేస్త్రీలు నెల్లూరు ఆటోనగర్ లాంటి చోట్ల ఇంకా ఉన్నారు. ప్లాస్టిక్ ట్యాంకున్న అల్యూమినియం రేడియేటర్‌కి ఆ వైద్యం కుదరదు, మార్చడమే.

వాటర్ పంపు కింద చిన్న బొక్క ఉంటుంది. అందులోంచి నీళ్లు కారుతుంటే, లేదా చుట్టూ తెల్లటి, ఆకుపచ్చ మరక ఎండి ఉంటే లోపలి సీలు పోయింది. ఆ బొక్కని ఎంసీల్ పెట్టి మూసేస్తే నీళ్లు బేరింగులోకి పోతాయి, పంపు మొత్తం పట్టేస్తుంది. పుల్లీ పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఏమాత్రం ఆడకూడదు. పంపు విప్పినప్పుడు రెక్కలు చూడండి. ఉప్పునీళ్లు పోసిన బండిలో అవి అరిగి మొండి ముక్కలుగా మిగిలి ఉంటాయి. కొన్ని బళ్లలో పంపును టైమింగ్ బెల్టే తిప్పుతుంది, అలాంటి చోట పంపు మార్చేటప్పుడే బెల్టు కూడా మార్చేసుకోండి.

థర్మోస్టాట్ తీసేయొద్దు

"మన ఎండలకి అదెందుకన్నా, తీసి పారేద్దాం" అనని మెకానిక్కు మన జిల్లాల్లో అరుదు. చలి దేశాల బళ్లకే థర్మోస్టాట్ కావాలని ఒక నమ్మకం. దాని పని ఇంజిన్‌ను ఒకే వేడిలో ఉంచడం. లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగా నడుస్తుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో మడ్డి పేరుకుంటుంది. బైపాస్ దారి ఉన్న కొన్ని ఇంజిన్లలో, తెరుచుకున్న థర్మోస్టాటే ఆ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే నీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే చుట్టు తిరుగుతాయి, హీట్ ఇంకా పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, అసలు జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది. సగం పూడిన రేడియేటర్ మాఘ మాసంలో బాగానే లాగించేసి మే నెలలో ఘాట్ మీద బయటపడుతుంది.

చెడిందో లేదో ఇంట్లో పొయ్యి మీదే చూసుకోవచ్చు. దాని మీద తెరుచుకునే డిగ్రీ గుద్ది ఉంటుంది, చాలా బళ్లకి 82. వాల్వును వేళ్లతో తెరిచి ఆ సందులో దారం పెట్టి వదిలితే దారాన్ని అదే గట్టిగా పట్టుకుంటుంది. ఆ దారంతో నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కనే వంట థర్మామీటర్ పెట్టి మంట సన్నగా పెట్టండి. వాల్వు తెరుచుకున్న క్షణాన దారం పట్టు వదిలేసి టక్కున అడుగున పడుతుంది. అప్పుడు థర్మామీటర్ గుద్దిన అంకెకి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తే మంచిదే. 95 దగ్గరికొచ్చేసరికి పూర్తిగా, సుమారు 8 మి.మీ. తెరుచుకోవాలి. చల్లార్చితే పూర్తిగా మూసుకోవాలి. నీళ్లు తెర్లుతున్నా సందు సన్నగానే ఉంటే మార్చండి. బిగించేటప్పుడు చిన్న గాలి పిన్ను పైకి ఉండాలి, కొత్త గ్యాస్కెట్ వేయాలి, కప్పు బోల్టులు చిన్న పానాతో మెల్లగా బిగించాలి. అల్యూమినియం మర పోతే అదో పెద్ద పని.

బోరు నీళ్ల పాపం

కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, ఇంజిన్ లోపల జరిగేదీ అంతే. నీళ్లు వేడెక్కే కొద్దీ సున్నం విడిపోయి అన్నిటికన్నా వేడిగా ఉన్న చోట, అంటే హెడ్డులో, సిలిండర్ల చుట్టూ అంటుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకి అందనివ్వదు. తీరప్రాంతపు ఉప్పునీళ్లు సున్నం కన్నా అన్యాయం, అల్యూమినియాన్ని బొక్కలు పొడుస్తాయి.

సున్నం తీయడానికి బాత్రూం యాసిడ్ పోయమని చెప్పేవాళ్లున్నారు. పోయొద్దు; అది సున్నంతోపాటు హెడ్డునీ తింటుంది. నిమ్మ ఉప్పు వాడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పాత నీళ్లు దింపి, థర్మోస్టాట్ తీసి కప్పు పెట్టేసి, మామూలు నీళ్లతో ఒకసారి కడిగి, లీటరుకి 25–30 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కరిగించి నింపండి. నాలుగు లీటర్ల బండికి వంద నుంచి నూట ఇరవై గ్రాములు. ఇరవై నిమిషాలు ఐడిల్‌లో నడిపి, చల్లారాక దింపండి. రాత్రంతా ఉంచొద్దు. తుప్పు రంగు నీళ్లు దిగుతాయి. తర్వాత కింది హోస్ వైపు నుంచి పైకి, అంటే ఉల్టాగా, పైపుతో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆఖరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో తొలపండి. కడిగాక ఎక్కడన్నా కారడం మొదలైతే నిమ్మ ఉప్పు మీద నింద వేయకండి. బొక్క ముందే ఉంది, తుప్పు దాన్ని మూసి ఉంచింది. ముఖ్యంగా ఇంజిన్ బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్లలు, వెల్చ్ ప్లగ్గులు, చూసుకోండి.

లీకుకి రేడియేటర్‌లో పసుపు పోయడం లారీ డ్రైవర్ల నాటి చిట్కా. అరచెంచా పసుపు సన్నటి లీకును ఊరు చేరేదాకా ఆపుతుంది, నిజమే. కానీ ఆ పసుపుకి లీకున్న గొట్టానికీ లేని గొట్టానికీ తేడా తెలియదు. ఇల్లు చేరిన వారంలో కడిగించేయండి.

నింపేటప్పుడు కూలెంట్‌తో పాటు బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ కలపండి. మనకి నీళ్లు గడ్డకట్టే బాధ లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్, రెండు వంతులు నీళ్లు సరిపోతుంది. సగం సగం అయినా మంచిదే. డబ్బా మీద 'రెడీ టు యూజ్' అని ఉంటే ఇక నీళ్లు కలపకూడదు. నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంటే పోస్తే మంచిదనుకోవడం పొరపాటు, ఉత్త కూలెంట్ నీళ్లంత బాగా వేడిని మోయలేదు. రంగు చూసి రకం నిర్ణయించకండి, ఆకుపచ్చలోనే రెండు మూడు రకాలుంటాయి. పాతది ఏదో తెలియకపోతే పూర్తిగా దింపి కొత్తది పోయండి. దింపిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, దూడలు తాగుతాయి. సైడు కాలువలోకి, పెరట్లోకి వదలొద్దు.

రేడియేటర్ మూత చిన్న సామానే గానీ దాని మీద 0.9 అనో 1.1 అనో ఉండే ప్రెషర్ అంకె ముఖ్యం. 0.9 మూత సరిగ్గా పట్టుకుంటే లోపల నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు వాషరు పగిలిందంటే 100 దగ్గరే మరిగి రేడియేటర్ పక్కనుండే డబ్బాలోకి పొంగుతుంది. ఎక్కువ అంకె మూత వేస్తే ఇంకా మంచిదని వేయకండి, పాత ట్యాంకు అతుకులు తట్టుకోవు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద పై హోస్ చప్పిడిగా అతుక్కుని కనిపిస్తే మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు పట్టేసింది.

హెడ్ గ్యాస్కెట్ పోయిందా?

ఇది పెద్ద ఖర్చు, అందుకే రుజువు లేకుండా విప్పనివ్వొద్దు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి అంచు దాకా నీళ్లు నింపి స్టార్ట్ చేయించండి. మొదటి అరనిమిషం ఒకటి రెండు బుడగలు రావడం మామూలే. ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువవుతుంటే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి వస్తోంది. అయితే పంపు సీలు దగ్గర గాలి పీల్చినా బుడగలొస్తాయి. తేడా తెలియాలంటే, పంపు బయటి బెల్టుతో తిరిగే బండి అయితే, ఆ బెల్టు తీసేసి ఒక్క నిమిషం మాత్రమే నడపండి. పంపు తిరక్కపోయినా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్టే.

స్పార్క్ ప్లగ్గులు తీయండి. అన్నీ గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంటే నీళ్లు పోయేది ఆ సిలిండర్లోకే. ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు పోసిన టీ రంగు కనిపించినా అదే మాట. ఆయిల్ మూత అడుగున కొంచెం తెల్లటి నురగ ఒక్కటే ఉంటే కంగారు పడకండి, రోజూ కిలోమీటరు తిరిగి ఆపే బళ్లకి వానాకాలంలో అది మామూలు. ఆయిల్లో నీళ్లు కలిసిన బండిని స్టార్ట్ చేయకూడదు, బేరింగులు పోతాయి. లాగించుకునే షెడ్డుకి తీసుకెళ్లండి.

హెడ్డు విప్పాల్సి వస్తే, చల్లగా ఉన్నప్పుడే, చివరి బోల్టుల నుంచి మధ్యకి కొంచెం కొంచెంగా వదులు చేయాలి. హెడ్డు అడుగు శుభ్రం చేసి స్టీలు స్కేలు నిలువునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. దూరితే హెడ్డు వంగింది, లేత్‌లో ఫేసింగ్ చేయించాలి, అంటే అడుగు చదును చేయించాలి. బ్లాకు పైభాగం కూడా అలాగే చూడండి, చాలామంది చూడరు. ఫేసింగ్‌కి ఇచ్చినప్పుడే చీలికకి ప్రెషర్ టెస్టు కూడా చేయించండి. చీలిన హెడ్డు మీద కొత్త గ్యాస్కెట్ వేసి మళ్లీ విప్పడం కన్నా దుఃఖం లేదు. బ్లాకులోని బోల్టు బొక్కల్లో నీళ్లు, ఆయిలు నిలిచి ఉంటే ఊది ఎండబెట్టాలి, లేదంటే బోల్టు బిగించినప్పుడు ఆ నీటికి పోయే దారి లేక బ్లాకే పగులుతుంది. బిగింపు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, బిగింపు ఎంతో చూపే టార్క్ రెంచ్ పానాతో. అంకె మీ బండి మాన్యువల్లోదే వాడండి. మెకానిక్ దగ్గర టార్క్ రెంచ్ లేకపోతే హెడ్డు పని అక్కడ చేయించొద్దు. ఆయిల్లో నీళ్లు కలిసి ఉంటే కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో నడిపి, దాన్నీ దింపేసి మళ్లీ కొత్తది పోయాలి.

అన్నీ బాగుండీ హీటెక్కే పాత బళ్లుంటాయి. పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే సామాను) అయితే పాయింట్ల సందు అరిగి తగ్గి, ప్లగ్గు నిప్పు వేసే టైమింగ్ వెనక్కి పోతుంది. బండి లాగదు, వేడెక్కుతుంది. బ్రేకు పట్టేసి ఉన్నా అంతే. పది కిలోమీటర్లు తిప్పి నాలుగు చక్రాల బ్రేకుల మీద థర్మామీటర్ పెట్టండి. ఒకటి మాత్రం మిగతావాటి కన్నా చాలా వేడిగా ఉంటే అక్కడుంది మీ హీటు.

నీళ్లు నింపడం, గాలి తీయడం

సగం రిపేర్లు ఇక్కడ చెడతాయి. బండి ముక్కు ఎత్తులో ఉండేలా వాలు మీద నిలపండి. హీటర్ వేడి వైపు తిప్పి ఉంచండి, లేకపోతే అందులో గాలి ఇరుక్కుంటుంది. మూత తీసి నిమిషానికి లీటరు చొప్పున నెమ్మదిగా పోయండి, మధ్యలో పై హోస్‌ను నాలుగైదు సార్లు నొక్కి వదలండి. ఎన్ని లీటర్లు పట్టిందో కొలుచుకోండి. మాన్యువల్లో నాలుగు అని ఉండి మూడే పట్టిందంటే ఆ లీటరు చోట గాలి ఉంది. మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి, పై హోస్ వేడెక్కేదాకా నడపండి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు మట్టం గబుక్కున దిగుతుంది, అప్పుడు ఇంకాస్త పోయాలి. బుడగలు ఆగాక మూత పెట్టి, పక్క డబ్బాలో రెండు గీతల మధ్యకి నింపండి. ఫ్యాన్ రెండుసార్లు దానంతటదే వేసి ఆపేదాకా బండి దగ్గరే ఉండి చూడండి.

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌కో, గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్‌కో పోయేముందు ఊళ్లో రెండు రోజులు తిప్పి చూడండి. ఎక్కేటప్పుడు మూడో గేరులో గుంజుకుంటూ పోవద్దు. రెండులో వేస్తే ఇంజిన్ అరిచినా పంపు వేగంగా తిరుగుతుంది, నీళ్లు బాగా పారతాయి. పైకి చేరగానే ఠక్కున ఆపకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. మర్నాడు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి మట్టం చూడండి. పక్క డబ్బాలో నీళ్లుండి రేడియేటర్‌లో అంచు దాకా లేకపోతే మూత పీల్చడం లేదు. రెండింట్లోనూ తగ్గితే ఎక్కడో కారుతోంది. ఇంజిన్ కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేస్తే చుక్క ఎక్కడ పడిందో అదే చూపిస్తుంది.